అమ్రాబాద్ పులుల అభయారణ్యం: చూడబోయేవారికి

అమ్రాబాద్ పులుల అభయారణ్యం కృష్ణానదికి ఎడమ ఒడ్డున, నల్లమల కొండల ఉత్తర భాగంలో, తెలంగాణలోని నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల మీదుగా పరుచుకున్న అడవి. మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్, మిగిలిన 445 బఫర్. దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఇదొకటి. నదికి ఆవలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌కు చెందిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. 2014 దాకా ఈ రెండూ ఒకే అడవి. సరిహద్దు కాగితం మీద వచ్చింది గాని, పులి కృష్ణను ఈదగలదు.

మాటవరసకు దీన్ని నేషనల్ పార్క్ అంటుంటారు. చట్టం ప్రకారం ఇది వన్యప్రాణి అభయారణ్యం, పైగా టైగర్ రిజర్వ్. జాతీయ ఉద్యానవనం కాదు. తెలంగాణలో జాతీయ ఉద్యానవనాలు మూడే. మూడూ హైదరాబాద్‌ను అంటిపెట్టుకునే ఉన్నాయి: కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. నల్లగొండ జిల్లాలోని చిట్యాల నుంచి పట్నం పోయే బస్సు వనస్థలిపురం దగ్గర ఈ మూడోదాని గోడ పక్క నుంచే పోతుంది. కృష్ణజింకల కోసం 1975లో ఏర్పడిన ఆ వనానికి వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆయన పేరు పెట్టారు. నెలకు నాలుగుసార్లు అదే దారిన పోయే ప్రయాణికుల్లో చాలామంది దాని లోపల అడుగుపెట్టి ఉండరు. దగ్గరున్నది కనపడదు, దూరం పోవాలనిపిస్తుంది. ఆ దూరం నల్లమల అయితే అది పెద్ద దూరమూ కాదు.

పేర్ల సంగతి

‘సఫారీ’ తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ప్రయాణానికి పేరు. అది అరబ్బీ ‘సఫర్’ నుంచి వచ్చింది. అదే సఫర్ ఉర్దూ ద్వారా తెలంగాణ వాడుకలోకీ దిగింది. కెన్యా, టాంజానియాల్లో జీపెక్కే యాత్రికుడూ, ‘సఫర్ ఎట్ల జరిగింది’ అని అడిగే పాతకాలపు హైదరాబాదీ పెద్దమనిషీ ఒకే మాట వాడుతున్నట్టు.

అమ్రాబాద్‌లో సఫారీ నడిచే ఫరహాబాద్ పేరూ అటునుంచి వచ్చిందే. ఫరహ్ అంటే ఆనందం. నిజాం కాలంలో ఇది వేటకూ వేసవి విడిదికీ వాడుకున్న చోటు. ఇంగ్లీషులో మౌంట్ ప్లెజెంట్ అని కూడా పిలిచేవారు, అర్థం దాదాపు అదే. ఆనందం ఎవరిదో పేరు చెప్పదు. ఆ రోజుల్లో తుపాకీ పట్టినవాడిదే అనుకోవాలి.

దోమలపెంట, ఈగలపెంట, కొల్లంపెంట అన్న పేర్లు వింటే మైదానం మనిషికి నవ్వొస్తుంది. మనకు పెంట అంటే ఊరవతల పోగుచేసే ఎరువు కుప్ప. ఈ అడవిలో బతికే చెంచులకు పెంట అంటే నాలుగైదు గుడిసెలో పది ఇరవై గుడిసెలో ఉన్న నివాసం. ఈ అడవి పటంలో ‘పెంట’ కనబడిన చోటల్లా ఎవరిదో ఇల్లు ఉందని, లేదా ఒకప్పుడు ఉండేదని చదువుకోవాలి.

వేట నుంచి రక్షణ దాకా

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. కృష్ణకు రెండు వైపులా ఉన్న నల్లమల అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు ఉన్న ఆ అభయారణ్యానికి దేశంలోకెల్లా పెద్ద పులుల అడవిగా పేరుండేది. రాష్ట్రం విడిపోయాక ఉత్తర భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అడవి భాగం నాగర్‌కర్నూల్ జిల్లాకు పోయింది. అందుకే పాత పుస్తకాల్లో ఇది మహబూబ్‌నగర్ అడవి, కొత్త బోర్డుల మీద నాగర్‌కర్నూల్ అడవి.

2019లో ఈ అడవి పేరు రాష్ట్రమంతా మోగింది. యురేనియం అన్వేషణ కోసం అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర సర్వే చేసే ప్రతిపాదన బయటికి రావడంతో పెంటల్లో, మండల కేంద్రాల్లో, హైదరాబాద్‌లో నిరసనలు లేచాయి. ఆ ఏడాది సెప్టెంబరు 16న శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నల్లగొండ జిల్లావాళ్లకు ఈ గొడవ కొత్తదేమీ కాదు. నాగార్జునసాగర్‌కు దగ్గరలోని పెద్దగట్టు, లంబాపూర్ పేర్లు అంతకు చాలా ఏళ్ల ముందునుంచే యురేనియంతో ముడిపడి వినబడుతున్నవి.

దారి

చిట్యాల నుంచి వెళ్లేవారు నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ చేరి, అక్కడినుంచి దేవరకొండ, డిండి మీదుగా హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారి ఎక్కవచ్చు. నల్లగొండ దాటాక కంటికి అందేది ఎర్రచెలకలు, బండరాళ్లు, తాటిచెట్లు, పత్తిచేలు. దేవరకొండలో రేచర్ల పద్మనాయకుల కోట, డిండిలో చెరువంత వెడల్పుగా కనబడే జలాశయం దారి పక్కనే. అచ్చంపేట వైపు తిరిగే హాజీపూర్ దాటి కాస్త పోతే రోడ్డు పైకి లేవడం మొదలవుతుంది. గాలి మారుతుంది. మన్ననూర్ అటవీ చెక్‌పోస్టుతో మైదానం అయిపోయినట్టే.

ఈ చెక్‌పోస్టు గురించి ముందే తెలిసి ఉండాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవిలో రాకపోకలు బంద్. శ్రీశైలం దర్శనం చేసుకుని ఆలస్యంగా బయలుదేరినవారు గేటు దగ్గర కారులోనే తెల్లవార్చడం మామూలే. విసుక్కునేవాళ్లుంటారు, కాని రాత్రిపూట ఆ రోడ్డు దాటేది కణుజులూ దుప్పులూ అడవిపందులూ, వాటి వెనుక చిరుతలు. పగలు కూడా ఇక్కడ వేగం తగ్గించాల్సిందే. రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్లు విసరడం పుణ్యమనుకునేవారి వల్ల ఆ కోతులు అడవి మరిచి తారు రోడ్డుకు అలవాటుపడి టైర్ల కింద పడుతున్నాయి. కొండలమీదుగా ఎత్తైన వంతెన రోడ్డు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అది వస్తే రాత్రి నిషేధం అవసరం ఉండదంటారు.

మన్ననూర్‌లో అటవీశాఖ పర్యావరణ విద్యాకేంద్రం, బస చేసేందుకు కుటీరాలు ఉన్నాయి. 2021లో ‘టైగర్ స్టే’ పేరుతో బసా సఫారీ కాలినడకా కలిపిన ప్యాకేజీని మొదలుపెట్టారు. గైడ్లుగా చెంచు యువకులు పనిచేస్తారు. సొంత వాహనాన్ని అడవి బాటలోకి రానివ్వరు, సఫారీ అటవీశాఖ వాహనాల్లోనే. జూలై నుంచి సెప్టెంబరు దాకా, వానలూ జంతువులు జతకట్టే కాలమూ కలిసొచ్చే ఆ మూడు నెలలు, సఫారీ ఉండదు. ప్లాస్టిక్ సీసాలూ సంచులూ లోపలికి తేకూడదు.

ఏం కనబడుతుంది, ఏం కనబడదు

ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది టీవీలో చూసిన ఆఫ్రికాను కళ్లలో పెట్టుకుని వస్తారు. టాంజానియాలో 1951లో ఏర్పడిన సెరెంగెటి జాతీయ ఉద్యానవనం 14,763 చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానం. దానికి ఉత్తరాన కెన్యాలో మసాయి మారా దాదాపు 1,510 చదరపు కిలోమీటర్లు. ఏటా పది లక్షలకు మించిన వైల్డ్‌బీస్ట్‌లు పచ్చిక వెతుక్కుంటూ ఈ రెండింటి మధ్య తిరుగుతాయి. చెట్టు ఎక్కడో ఒకటి, దృష్టి ఆనినంత దూరం గడ్డి. సింహం పడుకుంటే పడుకున్న చోటే కనబడుతుంది.

అమ్రాబాద్ అట్లాంటి చోటు కాదు. ఇది ఆకురాల్చే కొండ అడవి. చిరుమాను, నల్లమద్ది, టేకు, నారేప, అందుగు, ఏగిస, ఇప్ప, తునికి, మధ్య మధ్య వెదురు పొదలు. పది గజాల అవతల నిలబడ్డ కణుజు కూడా చెట్టు మొద్దులాగే ఉంటుంది. పులుల సంగతి లెక్కతో చెప్పుకుంటే నయం. 2018 జాతీయ లెక్కింపులో తెలంగాణ మొత్తానికి 26 పులులుంటే, 2022 లెక్కింపులో 21. ఆ ఇరవై ఒకటీ అమ్రాబాద్‌లోనే ఉన్నాయనుకున్నా ఒక్కో పులికి 120 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి ఉంటుంది. సఫారీ జీపు తిరిగేది అందులో ఏ మూలనో. పులి కనబడితే అదృష్టం. కనబడకపోతే డబ్బులు వాపసు అడిగే యాత్రికులు, అడవిని జూపార్కుతో పొరబడ్డవాళ్లు.

కనబడేవి వేరే ఉన్నాయి. రాష్ట్ర జంతువు దుప్పి మందలుగా ఎదురవుతుంది. మనుబోతు, అడవిపంది, కొండముచ్చు తరచుగా, ఎలుగుబంటి అప్పుడప్పుడు, రేచుకుక్కల గుంపు ఎప్పుడో ఒకసారి. కొండగొర్రెకు నాలుగు కొమ్ములుంటాయి. మన దేశంలోనూ నేపాల్‌లోనూ తప్ప అది ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో బతకదు. అలుగు, చిరుత రాత్రి తిరిగేవి. కృష్ణ ఒడ్డున మొసళ్లుంటాయి. పక్షులు చూసేవారికి నెమలి, పాలపిట్ట, పాముల గద్ద మొదలుకుని బోలెడు పని.

వీటన్నింటిలోకి చిన్నదాని కథ చెప్పుకోదగ్గది. మూషిక జింక మూడు నాలుగు కిలోలు తూగే జీవి, కుందేలంత ఉంటుంది, కొమ్ములుండవు. ఈ అడవుల్లో అరుదైపోతున్న దీన్ని హైదరాబాద్‌లోని నెహ్రూ జూపార్కు, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రజ్ఞులు కలిసి 2010 నుంచి జూలో పెంచి, సంఖ్య పెరిగాక 2017 నుంచి విడతలుగా అమ్రాబాద్‌లో వదిలారు. పులి కోసం కట్టిన కాపలా వల్ల బతుకుతున్నవాటిలో ఇదీ ఒకటి, పులి మీద పెట్టే దృష్టిలో వందో వంతు కూడా దీనిమీద పడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఏం చూడాలన్నదాన్ని బట్టి. అక్టోబరు నుంచి జనవరి దాకా అడవి పచ్చగా, లోయలు పొగమంచుతో ఉంటాయి. జంతువులు మాత్రం ఆకుల చాటున. మార్చి నుంచి మే దాకా ఆకు రాలి కొండలు ఎముకలు తేలినట్టవుతాయి, నిప్పు భయం ఉంటుంది, ఎండ మాడ్చేస్తుంది. కాని జంతువులు కనబడేది అప్పుడే, నీళ్ల దగ్గర. వాగులు ఎండిపోయే ఈ కాలంలో అటవీశాఖ సాసర్‌లాంటి సిమెంటు గుంటలు కట్టి ట్యాంకర్లతోనూ సౌరవిద్యుత్ బోర్లతోనూ నింపుతుంది. వీటినే సాసర్ పిట్లు అంటారు. నీటిగుంట పక్క తడిమట్టి చదవడం వచ్చిన చెంచు గైడు పక్కనుంటే రాత్రి ఎవరెవరు వచ్చి తాగిపోయారో చెబుతాడు. పులిని చూడని సఫారీలో కూడా ఆ పది నిమిషాలకే టికెట్టు గిట్టుబాటు.

ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర పీఠభూమి ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద లోయ, లోయ నిండా అడవి, అడవి అవతల మళ్లీ కొండలు. ఒక్క కరెంటు స్తంభం కనబడదు. వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి పోతే మల్లెలతీర్థం జలపాతం, వందల మెట్లు దిగి చేరాలి, తిరిగి ఎక్కేటప్పుడు ఆ మెట్లు రెట్టింపైనట్టుంటాయి. వానాకాలం తర్వాత కొన్ని నెలలే ధార బాగుంటుంది. దోమలపెంట దగ్గర కృష్ణ వెనుకజలాలు కొండ పాయల మధ్యకు చొరబడి ఎనిమిది కాళ్ల జీవిలా కనబడే చోటును ఆక్టోపస్ వ్యూపాయింట్ అంటున్నారు. పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్త కవయిత్రి పేరుమీద ఉన్న అక్కమహాదేవి గుహలకు పడవ మీద పోవాలి.

చిట్యాలవాళ్లకు ఇంకో దారీ ఉంది, అదీ నీటి దారి. నాగార్జునసాగర్ దగ్గర నందికొండ నుంచి శ్రీశైలం దాకా నీటిమట్టం ఉన్న నెలల్లో పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. దాదాపు 110 కిలోమీటర్లు. రెండు వైపులా నిలువుకొండలు, వాటి మీద రెండు రాష్ట్రాల పులుల అడవులు. జలాశయం కింద మునిగిన ఏలేశ్వరంలాంటి ఊళ్లు ఆ నీటి అడుగున ఉన్నాయి. జీపులో ఊగిపోలేని పెద్దవయసు వారికి నల్లమలను చూపించాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

చెంచులు

ఈ అడవిలో మనుషులు ఉన్నారు, పులుల కన్నా ముందే లెక్కకు రావలసినవాళ్లు. చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగగా గుర్తించింది. అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్, మేడిమల్కల, బౌరాపూర్‌లాంటి పెంటలు కోర్ అడవి లోపల ఉన్నాయి. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద వీళ్లతో గడిపి, 1943లో చెంచుల మీద పుస్తకం వెలువరించాడు. నిజాం రాజ్యంలోని గిరిజనుల మీద ఆయన రాసిన తొలి పెద్ద రచన అదే.

శ్రీశైలం భ్రమరాంబ చెంచులకు ఇంటి ఆడబిడ్డ, మల్లికార్జునుడు అల్లుడు, చెంచు మల్లయ్య. అహోబిలం వైపు నరసింహస్వామికీ చెంచులక్ష్మికీ అదే చుట్టరికం. బంధుత్వం కలిపాక దేవుడైనా అలకా మర్యాదా పాటించాల్సిందే.

తేనె వీళ్ల పెద్ద ఆదాయం. ఇప్పపువ్వు, తునికాకు, తపసి జిగురు, చిల్లగింజలు, ఉసిరి, కుంకుడు కాయలు కూడా తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. కొండ చరియకు వేలాడే తేనెపట్టు కోయడానికి తాడు మీద దిగేవాడికి పైన తాడు పట్టేది బావమరిది. అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. అక్క పసుపుకుంకుమల మీద మమకారంతో బావమరిది తాడు వదలడన్నది లెక్క. బీమా కంపెనీ ఏదీ ఇంత పకడ్బందీగా ఆలోచించి ఉండదు.

చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర చెంచులదే, పూజారులూ వాళ్లే. ఫరహాబాద్ దాటి అడవి బాటన కొంతదూరం వాహనంలో, తర్వాత కొండలు ఎక్కి లోయలోకి దిగి కాలినడకన పోతే లోతైన చీలికలో జలపాతం, గుహలో లింగమయ్య. ఎక్కేటప్పుడు వస్తున్నామని, దిగేటప్పుడు పోతున్నామని లింగమయ్యకు కేకేసి చెబుతూ జనం నడుస్తారు. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి లక్షలాదిగా వస్తారు. ఏడాదిలో ఆ కొద్దిరోజులే అనుమతి. పులుల అడవి లోపలికి అంతమంది పోవడం మీద అటవీశాఖకు బెంగ, రోజులు తగ్గించడం మీద భక్తులకు కోపం. నా మటుకు జాతర తర్వాత ఆ దారిని చూసినవారెవరికైనా అటవీశాఖ బెంగ అర్థమవుతుంది. అచ్చంపేట దగ్గర రంగాపూర్ కొండమీది ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తరద్వారం. అడవిలోకి లోతుగా పోకుండానే నల్లమల కొండచరియను చూడాలనుకునేవారికి అది చాలు.

కోర్ ప్రాంతంలోని పెంటలను బయటికి తరలించాలన్న ప్రయత్నం సాగుతోంది. ఇష్టపడి కదిలే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా భూమీ ఇల్లూ ఇవ్వాలన్నది జాతీయ పథకం. రోడ్డూ బడీ ఆసుపత్రీ కావాలని కదలడానికి ఒప్పుకున్న వారున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం తమకిచ్చిన హక్కు వదులుకోం అనేవారూ ఉన్నారు. సెరెంగెటి పచ్చిక నుంచి మసాయి పశువుల కాపరులను 1959లో గోరోంగోరో వైపు పంపినప్పటి వాదనలే దాదాపు ఇవి. అక్కడ అరవై ఏళ్లు దాటినా ఆ గొడవ తేలలేదు. మరోవైపు, ఇక్కడి బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది, కెమెరాలు కట్టేది, నిప్పు అంటుకుంటే ముందు పరుగెత్తేది ఎక్కువగా చెంచులే. వాళ్లు లేని రోజున పులి అడుగును చదివేవారెవరన్న ప్రశ్నకు ఏ ప్యాకేజీలోనూ జవాబు లేదు.

అడవి కింద నీళ్లు

ఈ అడవికీ చిట్యాలకూ కంటికి కనబడని బంధం ఒకటుంది. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన నల్లగొండ జిల్లాకు కృష్ణ నీళ్లు ఇవ్వడానికి శ్రీశైలం ఎడమగట్టు కాలువ అనుకున్నారు. జలాశయానికీ జిల్లాకూ మధ్య అడ్డుగా ఉన్నది ఈ అభయారణ్యమే. పైన కాలువ తవ్వే వీలు లేదు కాబట్టి దోమలపెంట నుంచి మన్నెవారిపల్లి దాకా దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలని నిర్ణయించారు. మామూలుగా ఇంత పొడవు సొరంగానికి మధ్యమధ్యన పక్కదారులు తీసి అనేక చోట్ల నుంచి ఒకేసారి తవ్వుతారు. పులుల అడవిలో అందుకు అనుమతి లేదు. రెండు కొసల నుంచే యంత్రాలతో తొలుచుకుంటూ రావలసి వచ్చింది. పంప్ అక్కర్లేకుండా 30 టీఎంసీల నీళ్లు వాలు మీదే జిల్లాకు రావాలన్నది లక్ష్యం. ఈలోగా సాగర్ వెనుకజలాల నుంచి పుట్టంగండి దగ్గర నీళ్లు ఎత్తిపోస్తున్నారు. ఆ నీళ్లు పానగల్లు ఉదయసముద్రం చేరతాయి. అక్కడినుంచి బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతలతో నార్కట్‌పల్లి, చిట్యాల వైపు పొలాలకు అందించాలన్నది ప్రణాళిక.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల సొరంగం పైకప్పు కూలి, నీళ్లూ బురదా దూసుకొచ్చి, 8 మంది లోపల చిక్కుకుపోయారు. సైన్యం, సింగరేణి గని సిబ్బంది, శవాలను పసిగట్టడానికి కేరళ నుంచి వచ్చిన కుక్కలు వారాల తరబడి వెతికాయి. ఆ రోజుల్లో దోమలపెంట పేరు దేశమంతా టీవీల్లో వినబడింది. సొరంగం మీద వందల మీటర్ల మందాన కొండ, ఆ కొండమీద పులుల కోర్ అడవి. శ్రీశైలం పోయే బస్సులు ఆ పైనుంచే ఘాట్ దిగి, ఈగలపెంట దాటి కృష్ణ వంతెన వైపు పోతుంటాయి.